రెండో అక్షరం కోసం వెతుకులాట

'మూడక్షరాల మాట, నడుమ ల, చివర క.' ఆదివారం పత్రికలో గళ్ళ నుడికట్టు ముందు పెట్టుకుని కూర్చున్న ఎవరికైనా ఇలాంటి ఆధారం కనబడగానే పలక, గిలక, మొలక, చిలక వరసగా తోస్తాయి. ఈ వినోదం పడమటి నుంచి వచ్చిందని మనలో చాలామంది అనుకుంటారు. గళ్ళ సంగతి వరకూ అది నిజమే. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేయించిన ప్రహేళికే నేటి గళ్ళ నుడికట్టుకు మూలం. కానీ ఫలానా చోట ఫలానా అక్షరం ఉన్న మాట ఏదని మనసులో జల్లెడ పట్టే విద్య మాత్రం దిగుమతి సరుకు కాదు. తెలుగు పద్యం ఆ విద్యను కనీసం వెయ్యేళ్ళుగా నేర్పుతూ వచ్చింది. అది వినోదం కాకముందు వృత్తికి పనిముట్టు. ఈ మాటకు సాక్ష్యాలు వెతుక్కుంటూ దూరదేశాలు పోనక్కర్లేదు. తెలంగాణలోని సిద్దిపేటను నడుమ పెట్టుకుని నాలుగు దిక్కులా చూస్తే చాలావరకు అక్కడే దొరుకుతాయి.

సిద్దిపేటకు ఉత్తరాన, కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల ఉంది. అక్కడి బొమ్మలమ్మగుట్ట మీద కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో ఒక శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడంతోపాటు అందులో తెలుగు కూడా ఉంది. ఆ తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయ భారతానికి దాదాపు వందేళ్ళ ముందటివి కాబట్టి సాహిత్య చరిత్రకారులు వాటిని పదేపదే తలచుకుంటారు. మన ప్రశ్నకు మాత్రం వేరే విషయం ముఖ్యం. కందమంటే ప్రాస తప్పని పద్యం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మొదటి పాదంలో రెండో అక్షరం ల పడిందా, మిగతా మూడు పాదాలూ రెండో చోట ల ఉన్న మాటలతోనే మొదలవ్వాలి. అంటే పలక, గిలక, మొలక, చిలక అని గళ్ళ దగ్గర మనం వేసుకునే జాబితా, కంద పద్యం కట్టేవాడు ప్రాస కోసం వేసుకునే జాబితా ఒకటే. పదో శతాబ్దంలో కురిక్యాల గుట్ట మీద పద్యం చెప్పిన కవి కూడా ఆ వెతుకులాట చేసే ఉండాలి. చేయకుండా కందం కుదరదు. తెలుగులో తొలి ఛందోగ్రంథంగా చెప్పే 'కవిజనాశ్రయం' మల్లియ రేచన పేర ఉంది. పండితులు ఆ గ్రంథాన్ని కూడా కురిక్యాలకు దగ్గరలోని వేములవాడ ప్రాంతానికే ముడిపెడతారు. కవులు ఏ అక్షరానికి ఏ అక్షరం సరిపోతుందో చూసుకోవడానికి ఒక పుస్తకం కావాలనుకున్నారంటే, ఆ పని అప్పటికే చాలామంది చేస్తుండాలి.

ప్రాసతోపాటు యతి ఉంది. పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరంతో మైత్రి కుదరాలి. ఇక్కడ అదే అక్షరం రావాలన్న పట్టు లేదు, దాని చుట్టమైనా చాలు. క ఖ గ ఘ ఒక కుటుంబం. చ ఛ జ ఝ శ ష స ఒక కుటుంబం. అకారానికి హ, య కూడా చుట్టాలే. కాబట్టి తెలుగు పద్యం కట్టేవాడి బుర్రలో మాటలు అకారాది వరసలో మాత్రమే ఉంటే సరిపోదు. మొదటి అక్షరం కుటుంబాన్ని బట్టి ఒక వరస, రెండో అక్షరాన్ని బట్టి ఇంకో వరస కావాలి. లాక్షణికులు దీన్ని ఎంత గట్టిగా పట్టించుకున్నారంటే, మామూలు రకు బండిరకు (ఱ) ప్రాస కలపకూడదన్న నియమం కోసం ఏ మాటలో ఏ ర ఉందో జాబితాలు కట్టి పెట్టారు. 1656 నాటి అప్పకవీయంలో ఇటువంటి పట్టికలు కనిపిస్తాయి. అవన్నీ ఒకే అక్షరం ఉన్న మాటలను ఒకచోట చేర్చిన పట్టికలే. ఇవాళ కంప్యూటర్ చేసిపెట్టే పనిని ఆనాడు పద్యంలో చేసిపెట్టారు.

ఇదంతా పండితుల గొడవ, ఊళ్ళో మామూలు జనానికి దీనితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. అది గట్టి అభ్యంతరమే. చదువు కొద్దిమందికే అందిన సమాజంలో ప్రాస నియమం అందరికీ తెలుసని చెప్పడం సాహసం. కానీ నియమం పేరు తెలియడం వేరు, నియమం చెవికి పట్టడం వేరు. 'మాటలు కోటలు దాటుతాయి' అన్న సామెతను చూడండి. మాట, కోట, దాటు, మూడింటిలోనూ రెండో అక్షరం ట. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల'లో అడుసుకూ కడగడానికీ నడుమ డ కుదిరింది. 'ఆడలేక మద్దెల ఓడు' అనే మాటలో ఆడకు ఓడు జత. ఏ కవీ సంతకం చేయని మాటలివి. పొలం గట్ల మీద, బాయికాడ, ఇళ్ళ ముందర నోళ్ళలో నాని నిలిచాయి. నిలవని వాటి సంగతి మనకు తెలియదు. నిలిచిన వాటిలో ఇన్నింటికి రెండో అక్షరం కుదిరిందంటే చెవి వాటిని ఏరుకుందనే అనుకోవాలి. ఇక్కడ ఉర్దూతో పోలిక ఉపయోగపడుతుంది. నిజాం కాలంలో తెలంగాణలో రాజభాష ఉర్దూ. ఉర్దూ కవిత్వానికి ప్రాస చరణం చివర, కాఫియా, రదీఫ్‌లలో ఉంటుంది. అందుకే వాళ్ళ మాటల ఆట బైత్‌బాజీలో ఒకరి షేర్ ఏ అక్షరంతో ముగిస్తే మరొకరు ఆ అక్షరంతో మొదలుపెడతారు. తెలుగు శతకాలతో ఆ ఆట ఆడబోతే వేమన పద్యం ఎప్పుడూ మ దగ్గరే ఆగుతుంది. మకుటం వల్ల చివరి అక్షరం ముందే ఖాయమైపోయింది. తెలుగు పద్యంలో పోటీకి చోటున్నది రెండో అక్షరం దగ్గర. ప్రతి భాషా తన ప్రాస ఎక్కడుందో అక్కడే తన ఆటనూ పెట్టుకుంటుంది.

సిద్దిపేటకు పడమటి దిక్కున, మెదక్ జిల్లాలో, కొల్చారం ఉంది. కోలాచలం మల్లినాథసూరి ఊరు అది. సంస్కృత పంచకావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యానాలు లేకుండా ఈ దేశంలో కావ్యపాఠం నడవలేదు. భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గలో, మాఘుని శిశుపాలవధ పందొమ్మిదో సర్గలో అక్షరాలతో చేసిన గారడీలు కుప్పలుగా ఉన్నాయి. భారవి ఒక శ్లోకమంతా, చివరి పొల్లు తప్ప, న అనే ఒక్క హల్లుతో నడిపాడు. మాఘుడు దకారం ఒక్కదానితో ఒక శ్లోకం చెప్పాడు. సర్వతోభద్రమనే బంధంలో ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలను గళ్ళలో వరసగా రాసి, వాటి కింద వాటినే తలకిందుల వరసలో మళ్ళీ రాస్తే అరవై నాలుగు గళ్ళు నిండుతాయి. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, ఎటు చదివినా అవే పాదాలు వస్తాయి. మాఘుడు తన సర్గను ముగించిన చక్రబంధంలోనైతే బండిచక్రం ఆకుల వెంట శ్లోకం నడుస్తుంది, వలయాల వెంట చదివితే కవి పేరూ కావ్యం పేరూ బయటపడతాయి. ఒక గడిలోని అక్షరం రెండు దారులకూ పనికి రావడమే గళ్ళ నుడికట్టుకు ప్రాణం. ఆ సూత్రం ఇక్కడ పూర్తిగా ఉంది. ఇటువంటి శ్లోకాలకు అర్థం చెప్పడం, అక్షరాలు ఎక్కడ ఎలా పేర్చాలో వివరించడం కొల్చారం పండితుడి పనిలో భాగమైంది. ఆయన చేతిలో ఉన్న పరికరం నిఘంటువు. అమరకోశంలోని నానార్థవర్గం మాటలను చివరి హల్లును బట్టి కూర్చింది, కకారంతో ముగిసేవి ఒకచోట, ఖకారంతో ముగిసేవి ఇంకోచోట. చివర ఫలానా అక్షరం ఉన్న మాటలన్నీ ఒక్కచోట కావాలన్న కోరిక అంత పాతది.

పాత మెదక్ జిల్లాలోనే పటాన్‌చెరు ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, అంటే 1550, 1580ల మధ్య, పటాన్‌చెరు ప్రాంతాన్ని ఏలిన అమీన్‌ఖాన్‌కు పొన్నిగంటి తెలగనార్యుడు 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యమిది. అచ్చతెలుగు అనగానే సంస్కృతం మాటలు మానేయడమనుకుంటాం. అక్షరాల వైపు నుంచి చూస్తే అది ఇంకా కఠినం. చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగుకు లెక్కకట్టిన వర్ణాలు 36. ఒత్తు పలికే ఖ, ఘ, ధ, భ వంటివి వాటిలో లేవు, శ ష లేవు, ఋకారం లేదు. అంటే తెలగన తన వర్ణమాలలో మూడోవంతు పక్కన పెట్టేసి కావ్యం రాశాడన్నమాట. అదే కాలంలో నల్లగొండ వైపు కనగల్లులో మరింగంటి సింగరాచార్యులు ఇంకో మెట్టు ఎక్కాడు. పెదవులు తగలకుండా పలికే నిరోష్ఠ్య కావ్యంగా రామకథ చెప్పాడు. ప ఫ బ భ మ వద్దు, వ వద్దు, ఉకారం ఒకారం వద్దు. తెలుగులో ఈ నిషేధం ఎంత దెబ్బ కొడుతుందో ఒక్క క్షణం ఆలోచించాలి. మన ప్రథమావిభక్తి డు, ము, వు, లు. నాలుగూ పోయాయి. రాముడనడానికి లేదు. సీత అనవచ్చు కానీ లక్ష్మణుడు, భరతుడు, హనుమంతుడు ఎవరూ పేరుతో రాలేరు. రావణుడు సరే సరి. ఆయన తన కావ్యానికి పెట్టిన పేరు చూడండి: 'దశరథరాజనందన చరిత్ర'. పైకి చదివి చూసుకోండి, ఎక్కడా పెదవులు కలవవు. రాముడనే మాట చేతిలో లేనివాడు రాముణ్ణి ఎలా పిలవాలో ఆ పేరే చెబుతోంది. మూడు శతాబ్దాల తరవాత కందుకూరి వీరేశలింగం కూడా ఈ దారిలో నడిచి శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం రాశాడు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం కాచుకుని ఉంది, అది మన ఆలంకారికులదే. మమ్మటుడు తన కావ్యప్రకాశంలో ఇలా అక్షరాలతో ఆడే చిత్రకావ్యాన్ని అధమశ్రేణిలో వేశాడు. అందులో సూచనగా తోచే అర్థం (వ్యంగ్యం) ఉండదని ఆయన వాదన. ఆధునికులు అంతకంటే కటువుగా దీన్ని గారడీ అన్నారు. వీరేశలింగమే ఆ తరవాత సరళమైన వచనంలో 'రాజశేఖర చరిత్ర' రాసి కొత్త యుగం తెరిచాడు, నిరోష్ఠ్యాల వల్ల కాదు. ఈ విమర్శలో నిజముంది. దశరథరాజనందన చరిత్రను రసం కోసం ఇవాళ ఎంతమంది చదువుతారు? కానీ కావ్యంగా గొప్పదా అన్నది ఒక ప్రశ్న, భాషకు ఏం చేసిందన్నది మరో ప్రశ్న. వాడుక మాట తలుపు మూసేస్తే కవి పక్కతలుపు తట్టాలి. మరుగున పడ్డ మాటలు, పల్లె మాటలు, పర్యాయపదాలు అప్పుడే బయటికి వస్తాయి. పాతకాలపు మాటలు ఎన్నింటికో నిఘంటుకారులు ప్రయోగాలు చూపించగలిగారంటే, ఇటువంటి కట్టుబాట్ల కావ్యాలు వాటిని వాడి ఉంచాయి కనుకనే. రసానికి వేరే కవులున్నారు. మాటల కొట్టు నింపిన వాళ్ళకు ఇవ్వవలసిన లెక్క వేరుగా ఇవ్వాలి.

ఈ విద్య పుస్తకం నుంచి సభలోకి దిగింది అవధానంలో, అంటే అడిగిన వెంటనే ఆశువుగా పద్యం చెప్పే సభలో. తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దాన్ని ఊరూరా జనం ముందుకు తెచ్చారు. తెలంగాణలో గద్వాల, ఆత్మకూరు సంస్థానాలు వారిని ఆదరించాయి. అష్టావధానంలో అక్షరాల మీదే నడిచే అంశాలు మూడున్నాయి. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ముందే చెబుతాడు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, నెంబర్లు వేసిన చీటీల మీద అప్పుడొకటి అప్పుడొకటిగా అందిస్తారు, అవధాని చివర్లో వాక్యాన్ని కూర్చి చెప్పాలి. అన్నింటికంటే కష్టమైనది నిషిద్ధాక్షరి. చెరువును వర్ణిస్తూ కందం చెప్పమన్నారనుకుందాం. అవధాని 'నీ' అన్నాడు. నీరు అనబోతున్నాడని పసిగట్టి పృచ్ఛకుడు ర వద్దంటాడు. ఇప్పుడు నీలం, నీడ, నీటి అనే మాటలు అవధాని ముందున్నాయి. ఆయన ట అన్నాడు. అన్న క్షణంలో రెండు పనులు జరిగిపోయాయి. ఒకటి, ట నాలుగు పాదాలకూ ప్రాస అయింది. రెండు, మొదటి అక్షరం గురువు కనుక మిగతా పాదాలూ గురువుతోనే మొదలుకావాలి. అంటే తేట, మాట, బాట, దాటు పనికొస్తాయి. పటము, కటిక పనికిరావు, వాటి మొదటి అక్షరం లఘువు. గట్టు, చెట్టు కూడా కుదరవు, జంట ట్టకు ఒంటి టకు ప్రాస చెల్లదు. చెరువు గురించి మాట్లాడుతూ గట్టు అనలేని ఇరుకు అది. మిగతా మూడు పాదాల్లో ప్రాస అక్షరం దగ్గర పృచ్ఛకుడు నిషేధం పెట్టడు, పెడితే పద్యమే నడవదు. దాని తరవాతి అక్షరం దగ్గర మళ్ళీ కాపు కాస్తాడు. అవతలివాడు అక్షరం అక్షరానికీ తలుపు మూస్తూ పోతాడు, ఇవతలివాడు అర్థమూ లయా చెడకుండా ఇంకో దారి వెతుకుతాడు. సభలో కూర్చున్నవాళ్ళు ఊరికే చూడరు. ర వద్దనగానే వాళ్ళ మనసులు కూడా నీతో మొదలయ్యే మాటలు వెతుకుతాయి.

నిజాం పాలనలో ఈ సభలకు ఇంకో విలువ ఉండేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. బడుల్లో తెలుగుకు చోటు తక్కువ. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేయవలసి వచ్చింది. 1943లో ఏర్పడ్డ ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలు పెట్టి తెలంగాణ ఊళ్ళలో తెలుగు చదివించింది. ఆ వాతావరణంలోంచి వచ్చినవాడే సిద్దిపేట పద్యకవి వేముగంటి నరసింహాచార్యులు. సాహితీ వికాస మండలి, మెదక్ జిల్లా రచయితల సంఘం ఆయన చేతుల మీద నడిచాయి. ఈ జిల్లా అష్టకాల నరసింహరామశర్మ వంటి అవధానినీ ఇచ్చింది. సిద్దిపేట అంటే కవి నందిని సిధారెడ్డి, మంజీర రచయితల సంఘం, వచన కవిత కదా, అక్కడ యతిప్రాసల కాలం పోయింది కదా అంటారేమో. నిజమే, 1980ల తరవాత ఈ గడ్డ మీద బలంగా వినిపించిన గొంతు వచన కవితది. అది ఛందస్సును పక్కన పెట్టింది సకారణంగానే. అయినా పదో తరగతి పిల్లవాడు ఇప్పటికీ గణవిభజన చేసి, యతి ఎక్కడ పడిందో, ప్రాస ఏమిటో గీతగీసి చూపిస్తున్నాడు. పెద్దయ్యాక పద్యం రాయకపోయినా రెండో అక్షరం మీద కన్నువేయడం అలవాటైపోతుంది. గళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు పనికొచ్చేది ఆ అలవాటే.

తెలుగులోకి వచ్చాక గడి స్వభావమే మారింది. ఆంగ్లంలో ఒక గడికి 26 అక్షరాల్లో ఒకటి. ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టి స్క్రాబుల్ ఆటకు వంద బిళ్ళలు చాలునన్నాడు. తెలుగు గడిలో పడేది హల్లూ అచ్చూ ఒత్తూ కలిసిన అక్షరం. హల్లులన్నింటికీ గుణింతం రాస్తేనే వందలు దాటుతాయి, సంయుక్తాక్షరాల మాట తరవాత. అందుకే స్క్రాబుల్ మనకు అంత తేలిగ్గా ఒదగలేదు, గళ్ళ నుడికట్టు ఒదిగింది. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు దాన్ని కూర్చడానికి ఇష్టపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ప్రాస కోసం జల్లెడ పట్టిన మనసుకు అది తెలిసిన పనే.

కంప్యూటర్ దగ్గర మాత్రం ఈ చరిత్ర తెగిపోయింది. యూనికోడ్ హల్లునూ గుణింతపు గుర్తునూ పొల్లునూ విడివిడిగా దాస్తుంది. సిద్దిపేట అనే నాలుగక్షరాల మాట దాని లెక్కలో తొమ్మిది. ఆంగ్లం కోసం చేసిన పద్ధతిలో 'నాలుగక్షరాల మాట' అని అడిగితే సిద్దిపేట రాదు. రెండో అక్షరం ద్ది అని అడిగితే రెండోచోట దానికి కనబడేది సికి అంటుకున్న గుడి. తెలుగు నిఘంటువులు ఇవాళ జాలంలో బోలెడున్నాయి, మొదటి అక్షరంతో వెతికితే చకచకా చూపిస్తాయి. ఇవి తయారుచేసే యువకులకు ఒక విన్నపం. మాటను అక్షరాలుగా విడగొట్టి, రెండో హల్లును బట్టి ఒక సూచిక కట్టండి. ఒంటి హల్లునూ జంట హల్లునూ వేరుగా పెట్టండి. యతికుటుంబాల ప్రకారం ఇంకో సూచిక కట్టండి. నియమాలు అప్పకవి నాడే రాసి పెట్టి ఉన్నాయి, మాటలు శబ్దరత్నాకరంలో, సూర్యరాయాంధ్ర నిఘంటువులో సిద్ధంగా ఉన్నాయి. పద్యం కట్టేవాడికీ, గళ్ళు నింపేవాడికీ, బడిలో పిల్లల చేత మాటల ఆట ఆడించే సారుకూ ఆ ఒక్క సూచిక చాలు.